గోరుచిక్కుడు ఉడకడం లేదా? చింతపండు చివర్లో వేయండి

గోరుచిక్కుడు పండించే రైతు ఇంట్లోనే పిల్లలకు గోరుచిక్కుడు గిట్టదు. వినడానికి విచిత్రంగా ఉన్నా చాలా ఊళ్లలో నేను చూసింది ఇదే. కారణం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. తెల్లారేసరికి కోసిన లేత కాయలన్నీ గంపలకెక్కి సంతకు పోతాయి. ఆకుల చాటున కంటబడక ముదిరినవి, వంకర తిరిగినవి, దళారి ఏరి పక్కన పారేసినవి ఇంటికి వస్తాయి. వాటిని వండితే కూర పీచు పీచుగా, వగరుగా తయారవుతుంది. పిల్లవాడు నమిలి నమిలి కంచం పక్కన ఉమ్మేస్తాడు. "మా వాడు కూరగాయలు ముట్టడండీ" అని తల్లి బాధపడుతుంది. ఇందులో పిల్లవాడి తప్పేముంది?

అందుకే ఈ వారం ఎరువులు, పురుగుమందుల సంగతి కాస్త పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి పోదాం. వ్యవసాయం పేజీలో వంట గోల ఏమిటని కొందరు అన్నలు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ ఒక్క లెక్క చూడండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. చేనులో కలుపు తీసేవాళ్లు, కాయ కోసేవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు. గోరుచిక్కుడు తింటే రక్తం పడుతుందని నేను చెప్పను. అందులో ఇనుము అంతంత మాత్రమే. కానీ సి విటమిన్ ఉంది. మనం తినే జొన్నలు, రాగులు, పప్పుల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టించే పని సి విటమిన్ చేస్తుంది. పైగా 100 గ్రాముల కాయల్లో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పీచు ఉంటాయి. సున్నం కూడా బాగానే ఉంటుంది. మెట్ట పొలంలో, తక్కువ నీళ్లతో, పెద్దగా ఎరువు అడగకుండా వచ్చే పంటకు ఇంతకన్నా ఏం కావాలి?

మన దగ్గర దీన్ని ఒక్కో చోట ఒక్కోలా పిలుస్తారు. తెలంగాణ పల్లెల్లో గోకరకాయ అంటారు, సీమలో చాలాచోట్ల మటికాయ అంటారు. ఏ పేరుతో పిలిచినా వంట దగ్గర అందరి ఫిర్యాదూ ఒకటే: "ఎంతసేపు పెట్టినా ఉడకదు."

ఎందుకు ఉడకదంటే

మొదటి కారణం ముదురు కాయ. కాయ ముదిరేకొద్దీ అంచుల వెంట నార గట్టిపడుతుంది, లోపల గింజ బలుస్తుంది. ఆ గింజలో జిగురు ఉంటుంది. గోరుచిక్కుడు జిగురంటే తేలిగ్గా తీసుకోకండి. రాజస్థాన్ రైతులు ఈ పంటను ముఖ్యంగా ఆ గింజ కోసమే వేస్తారు. చమురు బావుల పనికి ఆ జిగురు కావలసి వచ్చి 2012లో ధర ఆకాశానికి పోయింది. చివరికి దాని మీద జరిగే ముందస్తు వ్యాపారాన్నే కొంతకాలం ఆపేయాల్సి వచ్చింది. అయితే మన కూర గోరుచిక్కుడుకూ ఆ ధరలకూ సంబంధం లేదు. మనకు కావలసింది గింజ పట్టని కాయ.

లేత కాయ గుర్తు పట్టడం కష్టమేమీ కాదు. రెండు చేతులతో వంచితే టక్కున విరగాలి. విరగకుండా వంగి, నార వేలాడితే అది ముదిరినట్టే. గోటితో గిల్లితే గోరు సులువుగా దిగాలి. కాయ పైనుంచి గింజల బుడిపెలు కనబడుతుంటే అది విత్తనానికి తప్ప కూరకు పనికిరాదు. రెండు మూడు రోజులకోసారి కోత కోస్తుంటే ఇంటికైనా సంతకైనా లేత కాయే దొరుకుతుంది. ముదురు కాయల్ని చెట్టు మీద వదిలేస్తే చెట్టు తన బలమంతా గింజకే పెడుతుంది, కొత్త పూత తగ్గుతుంది. కాబట్టి అమ్మకానికి పనికిరాకపోయినా ముదురు కాయను తెంపేయాల్సిందే. అది పశువులకు వేయొచ్చు.

రెండో కారణం మన బోరు నీళ్లు. గిన్నె అడుగున తెల్లటి పొక్కు కట్టే నీళ్లున్న ఊళ్లలో ఏ కూరగాయైనా, ఏ పప్పైనా ఆలస్యంగా ఉడుకుతుంది. ఆ నీళ్లలోని సున్నం కాయ గోడల్లోని పదార్థంతో కలిసి దాన్ని గట్టిపరుస్తుంది. అలాంటి ఊళ్లలో తాగడానికి తెచ్చుకునే మంచినీళ్లు ఉంటే కూరకు రెండు గ్లాసులు వాడుకోవడం మేలు. అవి లేకపోతే నీళ్లు మరిగేటప్పుడే ఉప్పు వేయండి. ఉప్పు కొంతవరకు కాయను మెత్తబరుస్తుంది.

మూడో కారణమే చాలామందికి తెలియనిది. చింతపండు పులుసు, టమాటా, మజ్జిగ, ఏ పులుపైనా సరే, కాయ ఉడకకముందే వేస్తే ఆ తర్వాత అది సరిగా ఉడకదు. పులుపు తగిలితే కాయ గోడ కరగడం నెమ్మదిస్తుంది. అరగంట మంట పెట్టినా కాయ బిరుసుగానే ఉంటుంది. కట్టెలు దండగ, గ్యాసు దండగ. మా ఇంట్లో ఆవిడ ఊరికి పోయినప్పుడు నేను ఈ తప్పే చేశాను. పులుసు, కాయలు, ఉప్పు, కారం అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి పొయ్యి మీద పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. గంట తర్వాత కూడా కాయ కరకరలాడింది. ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను.

పచ్చదనం పోకుండా

కాయ పచ్చగా ఉంటే పిల్లలు ముట్టుకుంటారు, బూడిద రంగులో ఉంటే ముట్టుకోరు. ఆకులో, కాయలో ఉండే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. వేడి తగిలినప్పుడు కాయలోనే ఉన్న పుల్లటి పదార్థాలు బయటికి వచ్చి ఆ మెగ్నీషియాన్ని తప్పిస్తాయి. దాంతో పచ్చ రంగు పోయి ముదురు పసరు రంగు వస్తుంది. మూత పెట్టి ఉడికిస్తే ఆ పులుపు ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. అందుకే మొదటి ఐదారు నిమిషాలు మూత తీసి ఉడికించాలి. రంగు కోసం కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. కాయ పచ్చగానే ఉంటుంది, త్వరగా మెత్తబడుతుంది, నిజమే. కానీ సోడా వేస్తే విటమిన్లు దెబ్బతింటాయి, ఎక్కువైతే కాయ జావ అవుతుంది. హోటలు వాళ్ల సంగతి వేరు, ఇంట్లో ఎందుకు?

వండే పద్ధతి

ఐదుగురున్న ఇంటికి అర కిలో కాయలు సరిపోతాయి. కోయకముందే కడగాలి, కోసిన తర్వాత కాదు. కోసి నీళ్లలో వేస్తే లోపలి సత్తువ నీళ్లపాలవుతుంది. రెండు మూడుసార్లు నీళ్లు మార్చి, కాయల్ని చేత్తో రుద్ది కడగండి. రెండు కొసలూ తుంచేటప్పుడు అంచు వెంట నార వస్తే లాగేయండి. లేత కాయకు నార రాదు. అంగుళం ముక్కలుగా తుంచుకుంటే చాలు, కత్తిపీట కూడా అక్కర్లేదు.

గిన్నెలో గ్లాసున్నర నీళ్లు, ఒక చెంచా ఉప్పు వేసి తెర్లనివ్వండి. నీళ్లు బాగా తెర్లాకే ముక్కలు వేయాలి. మంట పెద్దదిగానే ఉండాలి. లేత కాయ ఎనిమిది పది నిమిషాల్లో ఉడుకుతుంది. కొంచెం ముదురైతే పావుగంట పట్టొచ్చు. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, మరీ పిండి కాకూడదు. మరీ ముదురు కాయలే ఉంటే కుక్కర్లో ఒక్క కూత రానిచ్చి దించండి. రంగు తగ్గుతుంది గానీ కట్టె మిగులుతుంది.

ఉడికిన నీళ్ల గురించి ఒక మాట. చాలామంది వార్చి పారబోస్తారు. కాయలు ముదిరి వగరు ఉంటే పారబోయడం సరే. లేత కాయలైతే ఆ నీళ్లను చారులోకో పప్పులోకో వాడుకోండి. సి విటమిన్ నీళ్లలోకి దిగే రకం. నీళ్లు పారబోస్తే కాయలో ఉన్నదాంట్లో మంచి వాటా పారబోసినట్టే. ఉప్పు వేశాం కాబట్టి చారులో ఉప్పు తగ్గించుకోవడం మరిచిపోకండి.

కాయలు ఉడికేలోపు పొడి తయారు చేసుకోవాలి. ఈ కూరకు ప్రాణం పొడిలోనే ఉంది. మూడు చెంచాల పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, నాలుగు ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర విడివిడిగా వేయించండి. పల్లీలు సన్నని మంట మీద ఓపిగ్గా వేగాలి. నువ్వులు చిటపటమనగానే దించేయాలి, మాడితే చేదెక్కుతాయి. చల్లారాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం ఉప్పు కలిపి రోట్లో బరకగా దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె వదిలి ముద్దవుతుంది. ఎండుకొబ్బరి ఉంటే ఒక ముక్క వేసుకోవచ్చు, లేకపోయినా లోటు లేదు. పల్లీలు, నువ్వులు మన చేలల్లో పండేవే.

ఇక మూకుట్లో మూడు చెంచాల నూనె కాగాక ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు వేయండి. పప్పులు ఎర్రబడ్డాక రెండు ఎండుమిరపకాయలు, రెండు రెమ్మల కరివేపాకు, చిటికెడు పసుపు. వెంటనే నీళ్లు వార్చిన ముక్కలు వేసి కలిపి, మధ్యస్థంగా మంట ఉంచి ఐదారు నిమిషాలు వేగనివ్వండి. తడి ఆరి ముక్క అంచులు కాస్త ముడుచుకున్నప్పుడు పొడి చల్లి, మంట తగ్గించి రెండు నిమిషాలు కలిపి దించేయండి. పొడి ముందే వేస్తే అడుగంటుతుంది. పులుపు కావాలనుకునేవాళ్లు ఇప్పుడు, అంటే ముక్క ఉడికి వేగిన తర్వాత, రెండు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు వేసుకోవచ్చు. నా మట్టుకు నాకు దించాక నిమ్మకాయ పిండుకోవడమే ఇష్టం. నిమ్మరసం వేడి తగలకుండా పడుతుంది కాబట్టి దాంట్లోని సి విటమిన్ కూడా దక్కుతుంది.

ఇనుప మూకుడు ఉంటే అందులోనే వండండి. కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, అది మంచిదే. కానీ కూర అయిన వెంటనే వేరే గిన్నెలోకి తీసేయాలి, ముఖ్యంగా పులుపు వేస్తే. లేకపోతే కూర నల్లబడి ఇనుము వాసన వేస్తుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే గంట ఆగండి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

జొన్నరొట్టెలోకి, రాగిసంగటిలోకి, వేడన్నంలోకి దేనికైనా ఇది కుదురుతుంది.

మందు కొట్టిన చేను నుంచి

ఇప్పటిదాకా చెప్పిందంతా కాయ శుభ్రంగా ఉంటేనే. గోరుచిక్కుడుకు పేనుబంక, బూడిద తెగులు మామూలే. మందు కొట్టక తప్పని రోజులుంటాయి. కానీ ప్రతి మందు డబ్బా మీద పిచికారీ తర్వాత ఎన్ని రోజులు ఆగి కోయాలో రాసి ఉంటుంది. అక్షరాలు చిన్నవైతే పిల్లల చేత చదివించుకోండి. ఎర్ర త్రికోణం ఉన్న మందు అన్నిటికన్నా విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. పత్తికి తెచ్చి మిగిలిన మందును కూరపాదుల మీద కొట్టేసే అలవాటు మాత్రం అంత తొందరగా పోలేదు. కడిగితే పైన అంటినది కొంత పోతుంది. కాయ లోపలికి ఇంకే మందును ఉప్పునీళ్లయినా పసుపునీళ్లయినా కడగలేవు.

ఇంకో సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. కొందరు రైతులు ఇంటి వాడకానికి ఒక సాలు విడిగా పెట్టుకుని దానికి మందు కొట్టరు. సంతకు పోయే సాళ్లకు మాత్రం నిన్న సాయంత్రం కొట్టి ఈ పొద్దున కోస్తారు. "ఏం చేస్తామయ్యా, పురుగు పడితే దళారి కొనడు" అన్నాడు ఒకాయన నాతో. ఆయన బాధ నాకు అర్థమయింది. కానీ ఆ కాయ కొనుక్కుపోయే కూలి మనిషి ఇంట్లో కూడా పిల్లలుంటారు గదా. ముందు కోసి సాయంత్రం కొట్టి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగి తర్వాతి కోత కోయడానికి వీలుండే మందునే అడిగి తెచ్చుకోండి. అలాంటిది ఏదో మీ మండల ఉద్యాన అధికారిని అడిగితే చెబుతారు.

ధర పడిపోయిన వారం

గంప కాయలకు బస్సు చార్జీలు కూడా రాని రోజులుంటాయి. అప్పుడు సంత దగ్గర పారబోసి రావడం కన్నా వరుగులు పెట్టుకోవడం నయం. లేత కాయల్ని పొడుగ్గానే ఉంచి, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉంచి తీయండి. పుల్లటి మజ్జిగలో ఉప్పు కలిపి ఒక రాత్రి నానబెట్టండి. ఇక్కడ పులుపు వల్ల కాయ గట్టిగా ఉండటమే మనకు కావాలి. పొద్దున తీసి చాప మీద ఎండలో పరచి, సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయండి. మజ్జిగ ఇంకిపోయేదాకా ఇలా చేసి, చివరికి గలగలలాడేలా ఎండబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసుకుంటే వానాకాలమంతా నూనెలో వేయించుకుని పప్పన్నంలోకి నంజుకోవచ్చు. పైన చెప్పిన పల్లి, నువ్వుల పొడి కూడా తడి తగలని సీసాలో పది పదిహేను రోజులు నిలవ ఉంటుంది. ఒకేసారి ఎక్కువ దంచి పెట్టుకుంటే పొలం నుంచి అలిసి వచ్చిన రోజున ఈ కూర అరగంటలో అయిపోతుంది.