విదేశాలలో ఆంగ్ల బోధనకు ఉద్యోగ వీసా

ఒక దేశపు పాఠశాలలోనో, శిక్షణ సంస్థలోనో జీతానికి ఆంగ్లం నేర్పడానికి ఇతర దేశస్థునికి ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే అనుమతిని ఆంగ్ల బోధనకు ఉద్యోగ వీసా అని చెప్పవచ్చు. ఆంగ్లం బాగా వచ్చినంత మాత్రాన ఈ వీసా లభించదు. అభ్యర్థి ఏ దేశ పౌరుడు, ఏ డిగ్రీ చదివాడు, ఉపాధ్యాయ శిక్షణ పొందాడా, ఉద్యోగమిచ్చే సంస్థకు విదేశీయులను నియమించుకొనే అర్హత ఉన్నదా అనే నాలుగు విషయాలపై ఇది ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో భారత పౌరులకు, ముఖ్యంగా గోదావరి డెల్టా ప్రాంతపు అభ్యర్థులకు ఉపయోగపడే విషయాలు ఉన్నాయి.

గోదావరి ప్రాంతంలో నేపథ్యం

గోదావరి డెల్టా నుండి సముద్రం దాటి పనికి వెళ్ళడం కొత్త కాదు. 19వ శతాబ్దంలో కోరంగి రేవు నుండి అనేకమంది తెలుగువారు బర్మాకు, మారిషస్‌కు వలస వెళ్ళారు. బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అని పిలవడానికి ఈ రేవే కారణం. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల నుండి కోనసీమ, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలవారు ఇంటిపనికి, డ్రైవర్లుగా కువైట్ మొదలైన గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. అందువలన వీసా అనే మాట ఇక్కడి పల్లెలలో కూడా అందరికీ తెలిసినదే. "వీసా కొనుక్కొని వెళ్ళాడు" అనే వాడుక కూడా గల్ఫ్ వలసలతో వచ్చినదే. బోధన వీసా మాత్రం కొనుక్కొనేది కాదు. అది అభ్యర్థి చదువును, ఉద్యోగమిచ్చే సంస్థను చూసి ఇచ్చేది.

రాజమండ్రి చాలాకాలంగా విద్యాకేంద్రం. ఇక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1853లో ప్రారంభమైన పాఠశాల నుండి ఎదిగినది. ఉభయ గోదావరి జిల్లాల కళాశాలలు మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. పట్టాను ఏ విశ్వవిద్యాలయం ఇచ్చిందో అదే దానిని ధ్రువీకరించాలి. కాబట్టి పాత పట్టా ఉన్నవారు విశాఖపట్నానికే దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది.

మాతృభాష నిబంధన

తూర్పు ఆసియా దేశాలలో భారతీయ ఉపాధ్యాయులకు ప్రధానమైన అడ్డంకి ఇదే. ఆంగ్లం ఎవరి మాతృభాష అనే విషయాన్ని ఆ దేశాలు వేర్వేరు పద్ధతులలో నిర్ణయిస్తాయి.

దక్షిణ కొరియా: ఇక్కడ భాషా బోధకులకు ఇచ్చేది ఈ-2 వీసా. ఆంగ్ల బోధనకు దీనిని సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు మాత్రమే ఇస్తారు. అయితే 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం భారతీయులకు ఒక మినహాయింపు ఇచ్చింది. డిగ్రీతో పాటు ఆంగ్ల ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులు అక్కడి పాఠశాలలలో సహాయ ఉపాధ్యాయులుగా చేరవచ్చు. బి.ఎడ్. విలువ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

జపాన్: పాఠశాల బోధకుల హోదాలోని కొన్ని ఉద్యోగాలకు, బోధించే భాష మాధ్యమంగా 12 సంవత్సరాలు చదివి ఉండాలి. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి వరకు చదివి తరువాత ఎం.ఎ. ఆంగ్లం చేసినవారికి ఈ నిబంధన అడ్డు రావచ్చు. ప్రైవేటు భాషా సంస్థలలో పనికి వేరే హోదా ఉన్నది. దానికి విశ్వవిద్యాలయ డిగ్రీ ముఖ్యం.

చైనా: ఉద్యోగానికి జడ్ వీసా అవసరం. విదేశీ భాషా బోధకులు తమ మాతృభాషనే బోధించాలన్నది అక్కడి సాధారణ నియమం. అందువలన భారత పౌరులకు ఆంగ్ల బోధన అనుమతి దొరకడం కష్టం.

ఇతర మార్గాలు

గల్ఫ్ దేశాలలో ప్రవాస భారతీయుల పిల్లల కోసం సి.బి.ఎస్.ఇ. పాఠశాలలు ఉన్నాయి. వీటిలో భారతీయ డిగ్రీ, బి.ఎడ్. నేరుగా పనికివస్తాయి. పాఠశాలే ప్రవేశ అనుమతి తెప్పిస్తుంది. అక్కడికి చేరిన తరువాత వైద్యపరీక్ష, నివాస అనుమతి పూర్తి కావాలి. మాల్దీవులలో కూడా భారతీయ ఉపాధ్యాయులు చాలాకాలంగా పనిచేస్తున్నారు.

అమెరికాలో ఉపాధ్యాయులకు జె-1 వినిమయ వీసా ఉన్నది. దీనికి డిగ్రీ, రెండేళ్ళ బోధనానుభవం, ఆంగ్ల ప్రావీణ్యం కావాలి. మూడేళ్ళకు ఇచ్చే ఈ అవకాశాన్ని మరో ఒకటి రెండేళ్ళు పొడిగించవచ్చు. ఇది స్థిరనివాసానికి ఉద్దేశించినది కాదు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు ప్రారంభం కాకముందు గోదావరి జిల్లాలవారు ఇంటర్వ్యూకు చెన్నై వెళ్ళేవారు.

కావలసిన పత్రాలు

* పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం
* డిగ్రీ, బి.ఎడ్. పట్టాలు, అనుభవ పత్రాలు
* పోలీసు ధ్రువీకరణ పత్రం
* వైద్యపరీక్ష నివేదిక

పట్టాలను ముందుగా రాష్ట్ర ప్రభుత్వ విద్యాశాఖ, తరువాత కేంద్ర విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. భారతదేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. కొరియా, జపాన్ వంటి సభ్యదేశాలకు విదేశాంగ శాఖ ముద్ర సరిపోతుంది. ఒప్పందంలో చేరని యు.ఎ.ఇ., కువైట్‌ల విషయంలో ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి.

తెలుగువారికి తరచుగా ఎదురయ్యే చిక్కు పేరు విషయంలో వస్తుంది. పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండవచ్చు. పెళ్ళయిన స్త్రీలకు రెండింటిలో వేర్వేరు ఇంటిపేర్లు ఉండవచ్చు. దరఖాస్తుకు ముందే అన్ని పత్రాలలో పేరు ఒకే విధంగా ఉండేలా సరిచేసుకోవడం మంచిది.

భారత చట్టం, రక్షణ

విదేశీ ఉద్యోగాలకు వెళ్ళేవారి రక్షణకు 1983లో వలసల చట్టం వచ్చింది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ తదితర నిర్దేశిత దేశాలకు పనికి వెళ్ళాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి తీసుకోవాలి. ఆ అధికారి ఉద్యోగ ఒప్పందాన్ని పరిశీలిస్తారు. పదవ తరగతి, ఆ పైన చదివినవారికి ఈ అనుమతి అవసరం లేదు. చదువుకున్నవారికి ఇది సౌకర్యంగా కనిపించినా, దీనికి మరొక పార్శ్వం ఉన్నది. ఇంటిపనికి వెళ్ళే వ్యక్తి ఒప్పందాన్ని ఒక అధికారి చూస్తారు; ఉపాధ్యాయుని ఒప్పందాన్ని ఎవరూ చూడరు. జీతం, పనిగంటలు, సెలవులు, వసతి, తిరుగు ప్రయాణపు ఖర్చు, ఉద్యోగం మధ్యలో మానితే వర్తించే షరతులు ఉపాధ్యాయుడే చదివి తెలుసుకోవాలి.

ఏజెంటు ద్వారా వెళ్ళేవారు అతనికి కేంద్ర ప్రభుత్వ నమోదు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వ్యవస్థలో చూసుకోవచ్చు. ఈ వ్యవస్థ 2014లో ప్రారంభమైంది. నమోదైన ఏజెంటు వసూలు చేయదగిన సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓమ్‌క్యాప్ కూడా విదేశీ నియామకాలు చేపడుతుంది.

సందర్శక వీసాతో ప్రమాదం

"ముందు సందర్శక వీసాపై వెళ్ళండి, అక్కడ మార్పిస్తాము" అనే మాట వలన నష్టపోయినవారు ఎందరో. పర్యాటక వీసాపై బోధించడం దాదాపు అన్ని దేశాలలోనూ నేరమే. గృహసేవకుల వీసాపై వెళ్ళి పాఠశాలలో పనిచేయడం కూడా అటువంటిదే. పట్టుబడితే జరిమానా, నిర్బంధం, దేశబహిష్కరణ ఎదురుకావచ్చు. చేసిన పనికి జీతం రాకపోయినా ఫిర్యాదు చేయడానికి వెనుకాడవలసిన పరిస్థితి వస్తుంది. బోధన వీసాకు సాధారణ క్రమం ఇది: మొదట ఒప్పందం, తరువాత సంస్థ తెప్పించే ప్రభుత్వ అనుమతి, ఆపైన రాయబార కార్యాలయంలో వీసా, చివరకు ప్రయాణం. ఈ క్రమం తలక్రిందులైన చోట ఉద్యోగం గురించి సందేహించవలసి ఉంటుంది.