బంగాళాదుంప ముద్ద, 32 నక్షత్రాలు

మన ఉంగుటూరుకు దగ్గర్లోని హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆపుకున్న డ్రైవరన్నని మిషెలిన్ అంటే ఏమిటని అడగండి. టైరంటాడు. ఆయన మాటే రైటు. కార్లు ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయన్న లెక్కతో ఆ ఫ్రెంచి కంపెనీ 1900లో ప్రయాణికుల కోసం ఓ పుస్తకం వేసింది. 1926 నుంచి అందులో మంచి హోటళ్ళకు నక్షత్రాలివ్వడం మొదలెట్టింది. ఒక హోటలుకు మూడొస్తే ఆపైన మెట్టు లేదు. ఫ్రెంచి వంటవాడు జోయెల్ రోబుషోన్ హోటళ్ళన్నిటికీ కలిపి ఒక దశలో వచ్చినవి 32! ఇంకే వంటవాడికీ అన్ని రాలేదు.

పెద్ద అవుటపల్లి బ్రదర్ జోసఫ్ తంబి కన్నుమూసిన 1945లోనే, ఫ్రాన్స్‌లోని పువాతియేలో ఒక తాపీమేస్త్రీ ఇంట రోబుషోన్ పుట్టాడు. పన్నెండో ఏట సెమినరీలో చేరాడు. అక్కడ వంటింట్లో సిస్టర్లకు సాయం చేస్తూ గరిటె మరిగాడు. పదిహేనో ఏట హోటల్లో పనికి కుదిరాడు. 29 ఏళ్ళకే పారిస్‌లో 90 మంది వంటవాళ్ళకు పెద్ద.

ఇంతకీ ఆయనకు పేరు తెచ్చిన వంటకం ఏమిటనుకున్నారు? బంగాళాదుంప ముద్ద. కిలో దుంపలకు పావుకిలో వెన్న. దుంపల్ని తొక్కతోనే ఉప్పునీళ్ళలో ఉడకబెట్టాలి, చేతులు కాలుతున్నా వేడిమీదే ఒలవాలి. మెత్తగా మెదిపి, పొయ్యిమీద చెక్క గరిటెతో తిప్పుతూ తడి ఆరనివ్వాలి. అప్పుడు చల్లటి వెన్నముక్కలు కొద్దికొద్దిగా, ఆ తర్వాత మరిగే పాలు సన్నటి ధారగా. చివర్న సన్న జల్లెడ పట్టాలి. మన ముద్దపప్పులాగే చూడ్డానికేం ఉండదు, చెయ్యి తిరగనివాడు చేస్తే ఇట్టే దొరికిపోతాడు. ఒక వంటకంలో మూడు రుచులకు మించకూడదనేవాడాయన. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి... మనకి లెక్క సరిపోయినట్టే.

1981లో పారిస్‌లో జామిన్ అనే హోటల్ తెరిచాడు. మూడేళ్ళు తిరిగేసరికి మూడు నక్షత్రాలూ వచ్చేశాయి. తోటి వంటవాళ్ళు పని ఒత్తిడితో గుండెపోటొచ్చి పోతుండటం చూసి, యాభై దాటగానే వంటింటికి దణ్ణం పెట్టేశాడు. టీవీలో ఇంటివంటలు నేర్పుతూ కూర్చున్నాడు. చెయ్యి ఊరుకుంటుందా? 2003లో టోక్యోలో, పారిస్‌లో ‘లాతెలియే’ పేరుతో మళ్ళీ తెరిచాడు. జపాన్ సుషీ కొట్లను చూసి పుట్టిన ఆలోచన అది: మధ్యలో వంటిల్లు, చుట్టూ ఎత్తు కుర్చీలు, వండేది కళ్ళముందే. అక్కణ్ణించి లాస్ వేగాస్, హాంగ్‌కాంగ్, లండన్, సింగపూర్. 2018లో 73వ ఏట పోయేదాకా కొత్తవి తెరుస్తూనే ఉన్నాడు.

కోపమూ తక్కువేం కాదు. రావియోలీ అనే వంటకం సరిగ్గా కుదర్లేదని ఒక కుర్రాడి మీదికి పళ్ళెంతో సహా విసిరేశాడట. ఆ కుర్రాడు గోర్డన్ రామ్సే. టీవీ వంటల పోటీల్లో అభ్యర్థుల్ని నోటికొచ్చినట్టు తిడతాడే, ఆయనే. ఈ ముచ్చట చెప్పిందీ ఆయనే.