వయోజన విద్య: ప్రేరణలు, ఆటంకాలు

బాల్యంలో బడికి వెళ్ళలేకపోయినవారు, చదువు మధ్యలో మానివేసినవారు పెద్దవయసులో పొందే విద్యను వయోజన విద్య అంటారు. పల్లెలలో దీనికి రాత్రిబడి అనే పేరు ప్రసిద్ధము. భారతదేశంలో జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 1978 అక్టోబరు 2న, జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988 మే 5న ప్రారంభమయ్యాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అవిభక్త ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం కాగా, స్త్రీలలో అది 59.15 శాతం మాత్రమే.

ప్రేరణలు

అమెరికా విద్యావేత్త సిరిల్ హూల్ 1961లో వయోజన అభ్యాసకులను మూడు రకాలుగా విభజించాడు. ఉద్యోగం, పదోన్నతి వంటి లక్ష్యం కొరకు చదివేవారు మొదటి రకం. తోటివారి సాంగత్యం కొరకు వచ్చేవారు రెండవ రకం. జ్ఞానం కొరకే చదివేవారు మూడవ రకం. గ్రామాలలో ఈ కారణాలు సాధారణంగా కలిసే ఉంటాయి. వేలిముద్రకు బదులు సంతకం చేయడం, పొదుపు సంఘం లెక్క తానే చూసుకోవడం, బస్సు పేరు చదువుకోవడం, పిల్లల చదువును గమనించడం మొదలైనవి చిన్నవిగా కనిపించినా బలమైన ప్రేరణలు.

ఆటంకాలు

పట్రీషియా క్రాస్ 1981లో ఆటంకాలను కూడా మూడు విధాలుగా వర్గీకరించింది.

* పరిస్థితులకు సంబంధించినవి: సమయం, డబ్బు, ఇంటిపని. జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూర్‌లో కాకతీయ తాప విద్యుత్ కేంద్రం, చేరువలోని భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు ఉన్నాయి. ఇటువంటి చోట్ల షిఫ్టు పని చేసేవారికి ఒకే వేళ జరిగే తరగతి అనుకూలించదు. పత్తి ఏరే కాలంలో కూలికి వెళ్ళే స్త్రీలకూ ఇదే ఇబ్బంది.
* సంస్థలకు సంబంధించినవి: దూరం, రుసుము, పాత ధ్రువపత్రాలు అడగడం.
* మనస్సుకు సంబంధించినవి: ఈ వయసులో చదువేమిటని నలుగురు నవ్వుతారనే సంకోచం, బాల్యంలో తప్పిన పరీక్షల భయం.

దూబగుంట ఉదాహరణ

పాఠం జీవితాన్ని తాకినప్పుడు ప్రేరణ ఎంత బలపడుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట తెలుపుతుంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సారా వలన నష్టపోయిన కుటుంబం గురించిన పాఠం ఉండేది. దానిని చదివి చర్చించిన మహిళలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ ఈ ఉద్యమ నాయకురాలిగా ప్రసిద్ధి చెందింది. 1992 నాటికి జిల్లాలో వ్యాపించిన ఈ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది.

సార్వత్రిక విద్య

సంస్థాపరమైన ఆటంకాలను తగ్గించే ప్రయత్నాలలో 1982లో స్థాపించిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ముఖ్యమైనది. ఇది దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తరువాత దీనికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంటర్మీడియట్ లేనివారు కూడా అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరే అవకాశాన్ని ఈ సంస్థ కల్పించింది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ చదువదలచినవారి కొరకు సార్వత్రిక పాఠశాలలు ఏర్పడ్డాయి.

కొనసాగింపు

నేర్చిన అక్షరాలు వాడుక లేకపోతే మరుపున పడతాయి. కాబట్టి తరగతి ముగిసిన తరువాత కూడా గ్రంథాలయము, వార్తాపత్రిక, సులభ వాచకాలు అందుబాటులో ఉండడం అవసరం. చదువు మానిన వయోజనులందరికీ ఆసక్తి లేదనుకోవడం సరికాదు. పలువురి విషయంలో తరగతి వేళ, వారి పని వేళ కలియకపోవడమే కారణం.