కుషన్లు కుట్టలేదు... కుర్చీ చేసింది!

మా తాతగారి పడక కుర్చీలో ఆడవాళ్లెవరూ కూర్చోగా నేను చూడలేదు. అందుకేనేమో, ఒక పాత ఫొటో నా మనసులో ఉండిపోయింది. ఉక్కు గొట్టాల పడక కుర్చీలో కాళ్లు ఎత్తుగా చాపుకుని ఓ యువతి హాయిగా పడుకుని ఉంది. ముఖం మాత్రం అటు తిప్పుకుంది. ఆ కుర్చీకి ప్రపంచమంతా పేరుంది. దాన్ని రూపొందించిన ముగ్గురిలో ఆ అమ్మాయీ ఒకరని మాత్రం చాలామందికి తెలీదు. ఆమే షార్లెట్ పెరియాండ్.

1903లో పారిస్‌లో పుట్టారు. తండ్రి దర్జీ, తల్లిదీ కుట్టుపనే. అలంకార కళలు చదువుకుని, 1927లో ఉద్యోగం కోసం లె కార్బూజియే దగ్గరకు వెళ్లారు. తర్వాతి రోజుల్లో మన చండీగఢ్‌కి రూపమిచ్చిన ఆర్కిటెక్టే ఆయన. ‘ఇక్కడ మేం కుషన్ల మీద కుట్టుపని చెయ్యం’ అని పంపేశారట! ఆ ఏడాదే మెరిసే లోహంతో ఆమె తీర్చిదిద్దిన బార్‌ని ఓ ప్రదర్శనలో చూసి, ఆయనే పిలిచి ఉద్యోగమిచ్చారు.

అక్కడ పదేళ్లు పనిచేశారు. 1928 నాటిదే ఆ పడక కుర్చీ. కార్లు, సైకిళ్లంటే ఇష్టపడే ఆమె, మెడలో కూడా లోహపు గుండ్ల దండే వేసుకునేవారు!

మెల్లగా మనసు చెక్క మీదికి మళ్లింది. 1940లో జపాన్ ప్రభుత్వం సలహాదారుగా పిలిచింది. అక్కడి వెదురు పని చూసి, అదే పడక కుర్చీని ఈసారి వెదురుతో చేశారు. ఉక్కు పోయి వెదురొచ్చినా, ఒంటికి సుఖంగా ఉండాలన్న పట్టుదల మారలేదు.

యుద్ధం తర్వాత మార్సే నగరంలో లె కార్బూజియే కట్టిన ఫ్లాట్లకు వంటగది నమూనా ఆమే చేశారు. అది ముందు గదిలోకి తెరుచుకుని ఉంటుంది. వంట చేసే మనిషి నలుగురి మాటల్లోనూ ఉండాలి కదా!

ఆ ఉక్కు కుర్చీ చాలాకాలం ‘ఎల్‌సీ4’ పేరుతో అమ్ముడైంది. ఎల్‌సీ అంటే లె కార్బూజియే! 1999లో, 96వ ఏట ఆమె కన్నుమూశారు. 2019లో పారిస్‌లో ఒక మ్యూజియం భవనమంతా ఆమె మీద ప్రదర్శనతో నిండింది.

కుర్చీ కొనేటప్పుడు మనం ధర చూస్తాం, పాలిష్ చూస్తాం. ఇంట్లో అందరికంటే ఆఖరున నడుం వాల్చే మనిషికి అది సుఖంగా ఉంటుందా అని కూడా చూద్దాం. ముందు మనమే కూర్చుని చూస్తే సరి!