పోలీసుకు చిక్కనివాడి పింఛను

దాశరథి కృష్ణమాచార్య సినిమా పాటలు ఇష్టపడేవాళ్ళలో చాలామందికి ఆయన నిజాం ఖైదీ అని కూడా తెలుసు. నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి తెలంగాణ బడిపిల్లలు సైతం చెబుతారు. అదే జైల్లో ఆయనకు తోడున్నవాడు రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. ఇప్పుడు ఒకటి ఊహించండి. దాశరథి ఎవరికీ తెలియని మామూలు కార్యకర్త అయి ఉంటే, జైలు రికార్డులు చెదలు తినేసి ఉంటే, తాను ఖైదు అనుభవించానని ఎలా రుజువు చేసుకునేవాడు? తోటిఖైదీ చేత చెప్పించుకోవాలి. ఆళ్వారుస్వామి 1961లోనే పోయారు. సమరయోధులకు కేంద్రం పింఛను మొదలుపెట్టింది 1972 ఆగస్టు 15న.

స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్ళ పండుగకు తామ్రపత్రాలతో పాటు వచ్చిన పథకమిది. మొదట్లో నెలకు 200 రూపాయలు, అదీ ఏడాదికి 5 వేలలోపు ఆదాయం ఉన్నవాళ్ళకే. 1980లో ఆదాయ పరిమితి ఎత్తేసి, ‘స్వతంత్రతా సైనిక సమ్మాన్ పింఛను’ అని పేరు మార్చారు. కనీసం ఆరు నెలలు జైల్లో ఉండాలి. ఆడవాళ్ళకూ, షెడ్యూల్డు కులాలు, తెగలవాళ్ళకూ మూడు నెలలు చాలు. జైలు సర్టిఫికెట్ ఉంటే గొడవే లేదు. లేకపోతే, రికార్డు దొరకడం లేదని ప్రభుత్వం చేతే రాయించుకుని, దానికి తోటిఖైదీల ధ్రువపత్రాలు జతచేయాలి. ఆ సంతకం పెట్టేవాళ్ళ సొంత జైలుకాలం ముందే రుజువై ఉండాలి.

జైలుకు పోయినవాడి సంగతి ఇంకా నయం. అజ్ఞాతంలో తిరిగినవాడి మాటేమిటి? ఆరు నెలలకు పైగా అజ్ఞాతవాసం చేసినవాళ్ళూ అర్హులే. కాకపోతే పరారీలో ఉన్నట్టు ప్రకటన అయినా వెలువడి ఉండాలి, తల మీద వెల అయినా ఉండాలి, నిర్బంధ ఉత్తర్వు పుట్టి అందించలేకపోయి అయినా ఉండాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం తల మీద నిజాం సర్కారు 10 వేల రూపాయలు ప్రకటించింది. ఆమెది కాగితం మీదికెక్కిన పేరు. కానీ దళానికి రాత్రిపూట అన్నం మోసినవాడు, చీటీ అందించినవాడు, తుపాకీ గడ్డివాములో దాచినవాడు తమ పని సరిగ్గా చేశారంటే అర్థం సర్కారుకు వాళ్ళ పేరు తెలియలేదనే. పోలీసుకు చిక్కనివాడికి పింఛనూ చిక్కదు. ఈ నిబంధన రాసినవాళ్ళకు దురుద్దేశం ఉందని నేననుకోను. వాళ్ళ మనసులో ఉన్నది సత్యాగ్రహి. అతను పగటిపూట, పదిమంది చూస్తుండగా అరెస్టవుతాడు. నిజాం రాజ్యంలో 1940ల చివర జరిగిన పోరు ఆ తీరుది కాదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. 1947-48లో చాలామంది యువకులు నిజాం సరిహద్దు దాటి, మద్రాసు, బొంబాయి రాష్ట్రాలవైపు నేల మీద శిబిరాలు పెట్టుకున్నారు. అక్కడినుంచి వచ్చి కరోడ్‌గిరి (సుంకం) నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడిచేసి వెళ్ళిపోయేవారు. వీళ్ళలో ఎందరో జైలు ముఖమే చూడలేదు. శిబిరంలో హాజరుపట్టీ రాసినవాడెవడు? అందుకే హైదరాబాద్ సంస్థానపు దరఖాస్తులను తూచడానికి ప్రత్యేకంగా ఒక పరిశీలన సంఘం పెట్టాల్సివచ్చింది. చండ్ర రాజేశ్వరరావు, తర్వాత నల్లమల గిరిప్రసాద్ దానికి అధ్యక్షులు. ఇద్దరూ కమ్యూనిస్టు నాయకులే. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలిసినవాళ్ళను కూర్చోబెట్టడం తెలివైన పనే. అయితే ఒకప్పటి సహచరుల జ్ఞాపకమే ఫైలుకు ఆధారమైంది.

ఐర్లండ్‌లోనూ సరిగ్గా ఇదే జరిగింది. బ్రిటిష్ వాళ్ళతో పోరాడినవారికి ఆ దేశం 1924లో సైనిక సేవా పింఛను చట్టం చేసింది. ఆ పోరు ముగిశాక వచ్చిన అంతర్యుద్ధంలో ఓడిన పక్షానికి అందులో చోటు లేదు. వాళ్ళకు 1934 చట్టం దాకా ఆగాల్సివచ్చింది. ఎవరు ఏ దాడిలో ఉన్నారో చెప్పడానికి పాత దళాల సభ్యులతోనే సంఘాలు వేశారు. మొత్తం 80 వేలకు పైగా దరఖాస్తులొస్తే, నెగ్గినవి సుమారు ఐదింట ఒక వంతు. మార్గరెట్ స్కినిడర్ అనే లెక్కల టీచరు 1916 డబ్లిన్ తిరుగుబాటులో తుపాకీ పట్టి మూడు తూటాలు తిన్నది. గాయాల పింఛను అడిగితే 1925లో తోసిపుచ్చారు. చట్టంలో సైనికుడంటే మగవాడేనట! రుజువు చాలక కాదు, ఆడది కావడం వల్ల. ఆమెకు పింఛను అందింది 1938లో. ఆడవాళ్ళకు మూడు నెలలు చాలన్న మన నిబంధన ఈ ఒక్క విషయంలో మెరుగు.

మన దగ్గర తోసిపుచ్చినవాళ్ళు కోర్టుకెక్కారు. నిజాం మీద 1938-39లో జరిగిన ఆర్యసమాజ సత్యాగ్రహంలో జైలుకెళ్ళినవారి పింఛను తగాదా, ముకుంద్‌లాల్ భండారీ కేసుగా, 1993లో సుప్రీంకోర్టులో తేలింది. దరఖాస్తు గడువు దాటిందని కాదనడం తగదనీ, రుజువులు వెనక వచ్చినా సరే దరఖాస్తు అందిన తేదీ నుంచే పింఛను ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. 2001లో గుర్‌దయాళ్ సింగ్ కేసులో ఇంకో మెట్టెక్కింది. క్రిమినల్ కేసులో అడిగినంత గట్టి రుజువు వీళ్ళను అడగొద్దు, జరిగి ఉండే అవకాశం ఉందా లేదా చూడండి, అన్నది.

మరి నాలుగేళ్ళకే అదే కోర్టు ముందుకు బీడ్ జిల్లా వ్యవహారం వచ్చింది. అదీ ఒకప్పటి నిజాం నేలే. సమరయోధులమని చెప్పుకుని పింఛను తీసుకుంటున్నవాళ్ళలో దొంగలున్నారన్న ఆరోపణ అది. నన్నడిగితే ఇందులో ఆశ్చర్యం లేదు. కాగితం మిగల్చని పోరాటంలో తలుపు తీసి ఉంచితే దొంగా వస్తాడు, మూస్తే అసలువాడూ బయటే ఉంటాడు. సాక్ష్యం చెప్పేవాడు ముసలివాడయ్యేకొద్దీ ఇద్దరినీ వేరుచేయడం కష్టం.

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో జరిగే సినిమా కథాచర్చల్లో ఈ తలనొప్పి ఉండదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో అల్లూరి, కొమురం భీమ్ ఎన్నడూ కలవకపోయినా కలిపేశారు, జనం ఒప్పుకున్నారు. సినిమా తన వీరుణ్ణి సాక్షులెక్కడని అడగదు. నిజానికి అల్లూరి సహచరుడు గాం మల్లుదొర కథ అంతకన్నా వింతది. మరణశిక్ష తప్పి అండమాన్‌కు పోయి, తిరిగొచ్చి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అండమాన్ ఖైదీలకు ఇప్పటికీ పింఛను కొంచెం ఎక్కువ. 2016 సవరణలో వాళ్ళకు నెలకు 30 వేలు, దేశంలో జైళ్ళకు పోయినవాళ్ళకు 26 వేలు, పైన కరువు భృతి. పథకం మొదలైనప్పటినుంచి దేశమంతటా 1 లక్షా 70 వేల మందికి పైగా మంజూరైంది. ఇప్పుడు మిగిలినవారిలో చాలామంది సమరయోధుల భార్యలు, పెళ్ళికాని కూతుళ్ళు. మనుషులు పోయాక మిగిలేది ఫైళ్ళే. ఐర్లండ్ సైనిక దస్త్రాల భాండాగారం 2014 నుంచి పింఛను ఫైళ్ళను విడతలవారీగా ఇంటర్‌నెట్‌లో పెడుతోంది. దరఖాస్తు నెగ్గినవాళ్ళవే కాదు, తోసిపుచ్చినవాళ్ళవీ. ఏ రాత్రి ఎవరింట్లో పడుకున్నాం, ఎన్ని తూటాలున్నాయి, ఎవరు అన్నం పెట్టారు అన్నవి కాదనిపించుకున్న దరఖాస్తుల్లోనూ ఉంటాయి. నమ్మించడానికి వాళ్ళూ అన్నీ రాయాల్సివచ్చింది కదా.