కషాయపు గిన్నెపై మూత ఎందుకు?

మార్గశిర, పుష్య మాసములలో చలిగాలి వీచగానే ఇంటింట తుమ్ములు, దగ్గులు వినవచ్చును. ఇంటి పెద్దలు అల్లపు ముక్క దంచి, నాలుగు మిరియాలు, గుప్పెడు తులసి ఆకులు నీటిలో కాచి, నిమ్మకాయ పిండి ఇత్తురు. ఆ కషాయము జలుబును నిజముగా పోగొట్టునా? లేక బాధను తగ్గించుట మాత్రమే చేయునా?

ముందు గిన్నెలో నున్నదేమో చూతము. పచ్చి అల్లపు ఘాటునకు జింజెరాల్ అను పదార్థము ముఖ్య కారణము. అల్లము ఎండినప్పుడు జింజెరాల్ అణువునుండి ఒక నీటి అణువు తొలగి, మరింత ఘాటైన షోగాల్ ఏర్పడును. శొంఠి కారముగా నుండుటకు ఇది హేతువు. జపాను భాషలో అల్లమును 'షోగా' అందురు. ఈ పేరు అందుండి వచ్చినదే. మిరియాల కారము పైపరీన్ వలన కలుగును. విద్యుత్ప్రవాహము అయస్కాంతపు సూదిని కదల్చునని 1820లో చూపిన ఎర్‌స్టెడ్ శాస్త్రజ్ఞుడే పైపరీన్‌ను కూడ మొదట వేరుచేసెను. తులసి సువాసన యూజినాల్ మొదలగు తైలములది.

ఈ గుణములను బట్టియే కాచు పద్ధతి ఉండవలెను. అల్లము, మిరియాలలోని ఘాటు పదార్థములు నీటిలో స్వల్పముగానే కరుగును. కావున వానిని నలుగగొట్టి పది నిమిషములు మరిగించవలెను. తులసి తైలములు ఆవిరితోపాటు ఎగిరిపోవును. కావున గిన్నె దింపిన తరువాత ఆకులు వేసి, ఐదు నిమిషములు మూతపెట్టి ఉంచవలెను. నిమ్మరసములోని సి విటమిన్ వేడివలనను, గాలిలోని ఆమ్లజనివలనను క్రమముగా నశించును; రాగి ఈ నాశనమును త్వరపరచును. అందుచేత స్టీలు పాత్ర వాడి, కషాయము గోరువెచ్చనైన పిదప నిమ్మరసము పిండుట మేలు.

ఇక మొదటి ప్రశ్న. జలుబు వైరసులవలన వచ్చును. కషాయము వానిని చంపునని రుజువు కాలేదు. సి విటమిన్ నిత్యము తీసికొనువారిలో జలుబు కాలము కొద్దిగా తగ్గునే కాని, సామాన్యులకు జలుబు రాకుండ అది ఆపదు. అయినను వేడి పానీయము వృథా కాదు. 2008లో బ్రిటనులోని కార్డిఫ్ విశ్వవిద్యాలయమువారు జలుబు, ఫ్లూ లక్షణములున్న 30 మందిపై వేడి పండ్లరసమును పరీక్షించిరి. ముక్కులో గాలి రాకపోకలు కొలతకు మారలేదు. కాని గొంతునొప్పి, దగ్గు, వణుకు, అలసట తగ్గినట్లు వారు చెప్పిరి. చల్లారిన రసము గొంతునొప్పికి, వణుకునకు, అలసటకు అట్టి ఉపశమనమీయలేదు.

కనుక కషాయము ఊరటయే కాని చికిత్స కాదు. జ్వరము మూడు దినములు మించినను, ఊపిరి కష్టమైనను వైద్యుని చూడవలెను. తీపికై తేనె కలుపువారు ఏడాది నిండని శిశువులకు దానిని ఈయరాదు. తేనెలో అరుదుగా నుండు బాట్యులిజమ్ సూక్ష్మజీవుల బీజములు వారి ప్రేగులలో మొలకెత్తి ప్రాణాపాయము కలిగించవచ్చును.

మూత సంగతిని విద్యార్థులు తామే పరీక్షింపవచ్చును. వేడినీటిలో తులసి ఆకులు వేసి మూతపెట్టి, ఐదు నిమిషముల తరువాత మూత లోపలివైపున నిలిచిన నీటి బిందువులను వాసన చూడవలెను. మూత లేనిచో గాలిలో కలిసిపోవునది ఆ పరిమళమే.