ఒక్కరే నడుపుతున్నారా? పేరు గట్టిగా నిలబెట్టుకోండి!

ల్యాప్‌టాప్, ఫోన్, ఇంట్లో ఓ మూల టేబుల్... ఇప్పుడు వ్యాపారం మొదలుపెట్టడానికి ఇవి చాలు. డిజైనర్, ఫొటోగ్రాఫర్, హోమ్ బేకర్, ఆన్‌లైన్ ట్యూటర్ ఇలా ఎంతోమంది ఒంటరిగానే నడిపేస్తున్నారు. పని బాగానే వస్తుంది. చిక్కల్లా డబ్బులు అడిగేటప్పుడే! ఎదుటివాళ్లు మిమ్మల్ని ‘ఖాళీగా ఉన్న కుర్రాడు’ అనుకుంటే బేరం మొదలవుతుంది. ‘వ్యాపారం చేసుకునే మనిషి’ అనుకుంటే బిల్లు అడుగుతారు. ఆ తేడా తెచ్చేది ఖరీదైన లోగో కాదు, ఈ నాలుగు పనులు.

ఒక్క వాక్యంలో చెప్పండి

‘వెబ్‌సైట్లు, యాప్‌లు, పోస్టర్లు, వీడియోలు అన్నీ చేస్తా’ అంటే వినేవాళ్లకు ఏదీ గుర్తుండదు. ‘చిన్న క్లినిక్‌లకు అపాయింట్‌మెంట్ బుకింగ్ ఉన్న వెబ్‌సైట్లు చేస్తా’ అని చూడండి. తర్వాత ఏ డాక్టర్ వెబ్‌సైట్ మాటెత్తినా మీరే గుర్తొస్తారు. మిగతా పనులు మానేయక్కర్లేదు. పరిచయంలో మాత్రం ఒక్కటే ముందుండాలి.

అన్నిచోట్లా ఒకే పేరు

ఇన్‌స్టాలో ఒక పేరు, బిల్లు మీద ఇంకో పేరు, క్యూఆర్ స్కాన్ చేస్తే నాన్నగారి పేరు! కొత్త కస్టమర్ చెయ్యి ఆగిపోయేది సరిగ్గా అక్కడే. వ్యాపారం పేరుతో కరెంట్ ఖాతా తెరవండి. అదే పేరుతో సొంత డొమైన్, ఈమెయిల్ పెట్టుకోండి. అయితే పేరు ఖాయం చేసేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకండి. అది వేరేవాళ్ల చేతిలో ఉందని రెండేళ్ల తర్వాత తెలిస్తే, సంపాదించుకున్న గుర్తింపంతా మళ్లీ మొదటికే.

లేని ‘టీమ్’ ఎందుకు?

బయోలో ‘మా టీమ్’ అని రాస్తారు. ఫోన్ ఎత్తేది, డిజైన్ చేసేది, బిల్లు పంపేది మాత్రం ఒక్కరే. రెండో కాల్‌కే కస్టమర్‌కు అర్థమైపోతుంది. అదేదో ముందే చెప్పేస్తే పోలా? ‘మాట్లాడేదీ నేనే, చేసేదీ నేనే, రేపు ఇబ్బందొస్తే చూసేదీ నేనే’ అనండి. పెద్ద కంపెనీలు ఈ మాట ఇవ్వడం కష్టం. ఒక్కరే అయినప్పుడు ఎన్ని పనులు ఒప్పుకోవాలో తెలియాలి కూడా. శుక్రవారం అని చెప్పి సోమవారం ఇస్తే ఏ బ్రాండింగూ కాపాడదు.

కాగితం మీద ఉండాలి

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. ఆధార్, పాన్ ఉంటే చాలు. ఏజెంట్లకు డబ్బులివ్వక్కర్లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి. పని అప్పగించేనాటికే రిజిస్ట్రేషన్ చేతిలో ఉంటే ఈ హక్కును ధైర్యంగా అడగొచ్చు. ఇక జీఎస్టీ సంగతంటారా? సేవలు అందించేవాళ్లకు సాధారణంగా ఏడాది టర్నోవర్ 20 లక్షల రూపాయలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబర్ లేకుండా బిల్లులో జీఎస్టీ వసూలు చేయకూడదు.

ప్రతి పనికీ ముందే కొటేషన్ పంపండి. ఏం చేస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, అడ్వాన్స్ ఎంత, ఎప్పటికి ఇస్తారు... ఈ నాలుగూ అందులో ఉండాలి. పెదనాన్నగారి అబ్బాయి ‘మనవాడివే కదా, చేసిపెట్టు’ అన్నా సరే. తగ్గించాలనిపిస్తే అసలు ధర రాసి, కింద డిస్కౌంట్ చూపించండి. మీ పని విలువెంతో ఆయనకు తెలుస్తుంది. ఆయన ఇంకొకరికి మీ పేరు చెప్పేటప్పుడు ఆ విలువే చెబుతారు, ‘ఫ్రీగా చేస్తాడు’ అని కాదు!